సముద్రం లేని దేశంలో ఎనిమిదేళ్ళు

మీరు అడిగింది ఇది: ‘బంగారం, రాగి, వజ్రాలు అన్నీ ఉన్న ఆఫ్రికా ఇంకా ఎందుకు వెనుకబడి ఉంది? అక్కడివాళ్ళు కష్టపడరా, లేక తెల్లవాళ్ళు దోచుకుపోయినందువల్లనా? అక్కడ ఉన్నవాళ్ళు చెప్పండి.’

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. వాటిలో నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే, జాంబియా. 2011 నుంచి 2019 దాకా అక్కడి రాగి గనుల ప్రాంతమైన కాపర్‌బెల్ట్‌లో, కిట్వే పట్టణంలో, గనులకు యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే ఒక చిన్న సంస్థలో పనిచేశాను. సరుకు ఎక్కడ బయలుదేరింది, ఏ సరిహద్దులో ఆగింది, ఎప్పటికి చేరుతుంది అని కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం. అందుకని నా జవాబు ఒక్క దేశానికి సంబంధించింది, అదీ దారుల వైపు నుంచి చూసింది.

‘కష్టపడరా’ అన్న మాట ముందు తీసేద్దాం. కిట్వేలో చిసొకొనే అనే పెద్ద మార్కెట్ ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఇంకా చీకటి ఉండగానే, వీపున పసిబిడ్డను గుడ్డతో కట్టుకుని, నెత్తిన టమాటా పెట్టె పెట్టుకుని నడిచి వచ్చే ఆడవాళ్ళను అక్కడ రోజూ చూశాను. వాళ్ళలో ఒకామె నాతో ఇంగ్లీషులో, పక్క దుకాణంతో బెంబాలో, రాజధాని లుసాకా నుంచి వచ్చిన వ్యాపారితో న్యాంజాలో, తన తల్లితో ఫోనులో లొజీలో మాట్లాడేది. బడిలో ఎన్నో తరగతి దాకా చదివావని అడిగితే ఏడు అని చెప్పింది. వాళ్ళ కష్టంలో లోటు లేదు. ఆ టమాటాలకు, ఆ రాగికి ముందున్న దారిలోనే ఉంది తేడా అంతా.

మాది కాకినాడ. చిన్నప్పుడు ఒడ్డున నిలబడితే దూరాన లంగరు వేసిన ఓడలు కనబడేవి. సరుకు సముద్రం మీద వస్తుంది, మన ఊళ్ళో దిగుతుంది. లోకమంతా అంతేనని అనుకుంటూ పెరిగాను. జాంబియాకు ఎనిమిది దేశాలు పొరుగు, సముద్రం మాత్రం ఏ దిక్కునా లేదు. ఆఫ్రికాలో ఇలా తీరం లేని దేశాలు 16 ఉన్నాయి. కిట్వే నుంచి తూర్పున టాంజానియాలోని దారెస్సలామ్ రేవు దాదాపు 2,000 కిలోమీటర్లు. దక్షిణాన డర్బన్ అంతకన్నా దూరం. ఏ రేవుకు వెళ్ళాలన్నా ఇంకొకరి దేశం దాటాలి. వాళ్ళ రోడ్డు బాగుండాలి, వాళ్ళ కస్టమ్స్ వారు దయ చూపాలి, వాళ్ళ ఊళ్ళలో గొడవలు జరగకుండా ఉండాలి.

నదులున్నాయి కదా అనవచ్చు. గోదావరి మీద రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీలు తిరిగిన సంగతి తెలిసినవాణ్ణి కనుక నేనూ మొదట అదే అడిగాను. జాంబియా చాలావరకు వెయ్యి మీటర్లకు పైబడిన పీఠభూమి. జూన్, జులై నెలల్లో కిట్వేలో పొద్దున్నే స్వెటరు లేకుండా బయటికి రాలేం. మనిషికి హాయిగా ఉండే ఆ ఎత్తే పడవకు అడ్డం. అంత ఎత్తున పారే నది సముద్రాన్ని చేరాలంటే ఎక్కడో ఒకచోట దూకక తప్పదు. జాంబెజి నది విక్టోరియా జలపాతం దగ్గర 108 మీటర్ల లోతుకు దూకుతుంది. ఆ తర్వాత మొజాంబిక్‌లో కాహొరా బస్సా రాళ్ళ మధ్య మళ్ళీ విరుచుకుపడుతుంది. 1858లో బ్రిటిష్ అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ ఈ నది మీదుగా వ్యాపారానికి దారి తెరుద్దామని సముద్రం వైపు నుంచి ఆవిరి పడవలో వచ్చి, ఆ రాళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

నేల మీదైనా ఎడ్ల బండి నడిచిందా అంటే, చాలా చోట్ల అదీ లేదు. ఒకసారి లువాంగ్వా లోయ వైపు వెళ్తుంటే రోడ్డు మీద గేటు వేసి కారు ఆపారు. పోలీసులేమో అనుకున్నాను. చేతిలో చిన్న వల ఉన్న మనిషి కారు చుట్టూ నిదానంగా తిరిగి, చక్రాల వెనుక, బంపరు కింద వంగి చూసి, మందు కొట్టి పంపాడు. ఆయన వెతికింది త్సెత్సె ఈగ కోసం. ఆ ఈగ కుడితే పశువులకు నగానా అనే జబ్బు వస్తుంది, మనుషులకు నిద్ర జబ్బు వస్తుంది. ఆ ఈగ ఉన్నచోట ఎద్దు బతకదు, గుర్రం బతకదు. ఎద్దు లేకపోతే నాగలీ లేదు, బండీ లేదు. బరువంతా మనిషి నెత్తిన పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీదికి వెళ్ళిన బ్రిటిష్ సైన్యానికి తిండి, మందుగుండు మోయడానికి ఈ పల్లెల నుంచి వేలాది మందిని తోలుకుపోయారు. యూరప్‌లో 1918 నవంబరు 11న ముగిసిన యుద్ధం, ఆ వార్త చాంబెషి నది దాకా చేరడానికి పట్టిన రెండు మూడు రోజులూ ఇక్కడ సాగుతూనే ఉంది. జర్మన్ సేనాని ఆయుధాలు అప్పగించింది నవంబరు 25న, ఇప్పటి జాంబియా ఉత్తర కొసలోని ఎంబాలాలో.

ఇంతవరకు చెప్పింది నేల సంగతి. నేల పెట్టిన ఇబ్బంది మీద మనుషులు గీతలు గీశారు. అది ఎలా ఉంటుందో నాకు కజుంగులాలో తెలిసింది.

2014లో ఒక గనిలో బురద నీళ్ళు తోడే పంపు ఆగిపోయింది. దానికి కావలసిన ఇంపెల్లర్, అంటే లోపల తిరిగి నీటిని తోసే చక్రం, జొహానెస్‌బర్గ్ నుంచి లారీలో బోట్స్వానా మీదుగా వస్తోంది. పత్రాల్లో ఒక అంకె తప్పు పడిందని తెలిసి నన్ను సరిహద్దుకు పంపారు. కజుంగులా దగ్గర జాంబెజి వెడల్పు దాదాపు 400 మీటర్లు. వంతెన లేదు. లారీలను పాంటూన్ మీద దాటిస్తారు. కోటిపల్లి రేవులో మనం పంటు అనేది అదే. నిండు బరువుతో ఉన్న పెద్ద లారీ ఒక్కటి ఎక్కితే ఇంక దానికి చోటుండదు. అవతల ఒడ్డున లారీల వరుస చెట్ల వెనక్కి పోయి కనబడకుండా ఉంది. మా లారీ ఆ వరుసలో అప్పటికే ఐదు రోజులుగా ఉంది.

డ్రైవరు లారీని అక్కడే వదిలి, పత్రాలు పట్టుకుని, మామూలు ప్రయాణికుడిలా పంటు ఎక్కి ఇవతలికి వచ్చాడు. మేమిద్దరం ఒక రేకుల పాకలో కూర్చుని ఎన్షిమా తిన్నాం. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద అది. మన సంకటి తిన్నవాళ్ళకు చేయి అలవాటుగానే పోతుంది. నంజుకోవడానికి కపెంటా అనే చిన్న ఎండు చేపల వేపుడు. తింటూ తింటూ ఆ నది మీద ఇంతకాలం వంతెన ఎందుకు కట్టలేదని అడిగాను. అతను వేలితో ముద్ద పక్కన నాలుగు గీతలు గీసి చూపించాడు. ఇది జాంబియా, ఇది బోట్స్వానా, ఇది జింబాబ్వే, ఇది నమీబియా. నాలుగూ దాదాపు ఒక్కచోట కలుస్తాయి. జాంబియాకు, బోట్స్వానాకు మధ్య ఉన్న ఉమ్మడి సరిహద్దు నది మీద 200 మీటర్లు కూడా లేదు.

అంత ఇరుకు ఎలా వచ్చిందో తర్వాత చదువుకున్నాను. మ్యాపు చూస్తే నమీబియా ఈశాన్య మూల నుంచి ఒక సన్నటి చేయి 450 కిలోమీటర్ల పొడవున తూర్పుకు చాచి ఉంటుంది. దాని పేరు కప్రివి పట్టీ. కప్రివి అప్పటి జర్మనీ ఛాన్సలర్. 1890లో బ్రిటన్, జర్మనీ ఒప్పందం చేసుకున్నాయి. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవి జర్మనీకి, జాంజిబార్ బ్రిటన్‌కు. దాంతోపాటు జాంబెజిని అందుకోవడానికి ఈ పట్టీ జర్మనీకి. నది చేతికి వస్తే దాని మీదుగా హిందూ మహాసముద్రానికి వెళ్ళవచ్చన్నది వాళ్ళ ఆశ. అక్కడి నుంచి 70 కిలోమీటర్ల దిగువన విక్టోరియా జలపాతం ఉంది. ఆ దారిన జర్మనీ పడవ ఒక్కటీ సముద్రం చేరలేదు. పట్టీ మాత్రం అలాగే ఉండిపోయింది. 124 ఏళ్ళ తర్వాత మా ఇంపెల్లర్ ఆ గీతల ముడి దగ్గర తొమ్మిది రోజులు ఆగింది.

ఆ డ్రైవరు తన గురించి కూడా అప్పుడే చెప్పాడు. తను గ్వెంబె లోయ టొంగా తెగ మనిషి. ‘‘ఈ కపెంటా కూడా మా నీళ్ళలో పుట్టింది కాదు, టాంగన్యీకా సరస్సు నుంచి తెచ్చి కరీబాలో వదిలారు’’ అన్నాడు. జాంబెజి మీద కరీబా ఆనకట్టను 1955లో మొదలుపెట్టి 1959 నాటికి పూర్తి చేశారు. నీటి పరిమాణంలో మనిషి కట్టిన జలాశయాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. దానికోసం నదికి రెండు వైపులా ఉన్న 57,000 మంది టొంగాలను ఊళ్ళు ఖాళీ చేయించారు. ఒక ఒడ్డు వాళ్ళు ఉత్తర రొడీషియాలోకి (ఇప్పటి జాంబియా), ఇంకో ఒడ్డు వాళ్ళు దక్షిణ రొడీషియాలోకి (ఇప్పటి జింబాబ్వే), నీళ్ళకు దూరంగా ఎండు నేలల మీదికి వెళ్ళారు. నిన్నటి దాకా చిన్న దోనెలో దాటి అన్న ఇంటికి, అత్త ఇంటికి వెళ్ళిన నది వాళ్ళ మధ్య సముద్రమంత అయింది. మేం కదలం అన్న వాళ్ళ మీద 1958లో కాల్పులు జరిపితే ఎనిమిది మంది చనిపోయారు. మొదటి విద్యుత్ కేంద్రాన్ని దక్షిణ ఒడ్డున, తెల్లవాళ్ళ ప్రభుత్వం గట్టిగా ఉన్న వైపు కట్టారు. ఉత్తర ఒడ్డున కేంద్రం రావడానికి 1970ల దాకా పట్టింది. మునిగిన ఊళ్ళ పిల్లలు మాత్రం నెత్తి మీదుగా పోయే తీగలను చూస్తూ, కిరోసిన్ దీపం కింద చదువుకున్నారు. ఆ డ్రైవరు నాయనమ్మ చివరిదాకా నీళ్ళ కింద ఉన్న తన తల్లి సమాధి గురించే మాట్లాడేదట. పోలవరం ముంపు మండలాల్లో మా బంధువులు ఉన్నారు. అందుకే ఆ మాట నాకు వింతగా తోచలేదు. ముద్ద గొంతు దిగలేదు.

రైలు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే వలస పాలన తన ఉద్దేశాన్ని పట్టాల్లో రాసిపెట్టినంత స్పష్టంగా ఇంకెక్కడా రాయలేదు. ఉత్తర రొడీషియాను మొదట ఏలింది సెసిల్ రోడ్స్ స్థాపించిన బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ. మన ఈస్ట్ ఇండియా కంపెనీ చరిత్ర తెలిసిన వాళ్ళకు వివరించనక్కరలేదు. దక్షిణం నుంచి వచ్చిన పట్టాలు 1904లో విక్టోరియా జలపాతాన్ని, 1906లో సీసం, జింకు గనులున్న కబ్వేను, 1909లో కాంగో సరిహద్దును చేరాయి. గని నుంచి గనికి, అక్కడి నుంచి దక్షిణానికి. తూర్పున చిపాటా, పడమర మొంగు, ఉత్తరాన కసామా ఆ గీతకు అందలేదు. పట్టాల పక్కన మంచి నేలలు తెల్ల రైతులకు పోయాయి. ఈ రోజుకూ పెద్ద ఊళ్ళు చాలావరకు ఆ ఒక్క గీత మీదే ఉన్నాయి. 1924లో పాలన బ్రిటిష్ ప్రభుత్వానికి మారినా ఖనిజాల హక్కు కంపెనీ చేతిలోనే మిగిలింది. 1964 అక్టోబరు 24న దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా, తవ్విన రాగి మీద రాయల్టీ ఆ కంపెనీకే వెళ్ళింది.

ఇక పనివాళ్ళు ఎలా వచ్చారు? పల్లెలో డబ్బు చలామణి లేని రోజుల్లో గుడిసెకు ఇంత అని పన్ను వేసి, దాన్ని నగదుగానే కట్టాలన్నారు. నగదు దొరికేది గనిలోనో, తెల్ల రైతు పొలంలోనో. మగవాళ్ళు వెళ్ళారు, చేలు ఆడవాళ్ళ మీద పడ్డాయి. 1935లో పన్ను పెంచినప్పుడు కాపర్‌బెల్ట్ గని కార్మికులు సమ్మె చేస్తే లువాన్ష్యాలో ఆరుగురిని కాల్చి చంపారు.

స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరిగిందో లేదో, 1965 నవంబరులో దక్షిణ రొడీషియా తెల్లవాళ్ళు తమంతట తాము స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. జాంబియా రాగి వెళ్ళే దారి, చమురు వచ్చే దారి, బొగ్గు వచ్చే దారి అన్నీ వాళ్ళ గుప్పిట్లోనే ఉన్నాయి. ఇంధనాన్ని పీపాల్లో నింపి విమానాల్లో తెచ్చుకున్నారు. మట్టి రోడ్డు మీద దారెస్సలామ్ నుంచి లారీల్లో తెచ్చుకున్నారు. 1968లో 1,700 కిలోమీటర్ల పైపులైను వేశారు. రైలు మార్గానికి అప్పు ఇవ్వమంటే పాశ్చాత్య దేశాలు లాభం లేదన్నాయి. చైనా వడ్డీ లేని అప్పు ఇచ్చి, 1970 నుంచి 1975 లోపు కపిరి ఎంపోషి నుంచి దారెస్సలామ్ దాకా 1,860 కిలోమీటర్ల తాజారా రైలు మార్గం కట్టింది. ఆఫ్రికాలో చైనా ఎందుకింత కనబడుతుందని మన వాళ్ళు అడుగుతుంటారు. కిట్వేలో పెద్దవాళ్ళను అడిగితే ఈ రైలు దగ్గర నుంచే మొదలుపెడతారు.

అక్కడా పాత గీత వదల్లేదు. టాంజానియాలో జర్మన్లు వేసిన రైలు పట్టాల మధ్య వెడల్పు మీటరు. దక్షిణం నుంచి బ్రిటిష్ వాళ్ళు తెచ్చింది 1,067 మిల్లీమీటర్లు. తాజారా కూడా అదే కొలత. తేడా 67 మిల్లీమీటర్లు, మూడు నాలుగు వేళ్ళ వెడల్పు. దానికోసం కిడాటు దగ్గర ఒక బండిలోని సరుకు ఇంకో బండిలోకి మార్చే స్టేషన్ కట్టాల్సి వచ్చింది. ఒకే దేశంలో, రెండు రైళ్ళ మధ్య.

మా ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయిది లువాపులా రాష్ట్రంలోని మన్సా. ఒకసారి వాళ్ళ మేనమామ పోయాడని కబురు వచ్చింది. కిట్వే నుంచి మన్సాకు దగ్గర దారి ముఫులిరా మీదుగా. కానీ మధ్యలో 70 కిలోమీటర్లు కాంగో దేశం. జాంబియా కడుపులోకి కాంగో ఒక బొటనవేలిలా దిగి ఉంటుంది. 1894లో బ్రిటన్‌కు, బెల్జియం రాజు లియోపోల్డ్‌కు కుదిరిన ఒప్పందంలో, నదినీ ఒక రేఖాంశాన్నీ పట్టుకుని ఆ హద్దు గీశారు. అటూ ఇటూ ఉన్నది అవే లాంబా, ఔషీ తెగల బంధువులు. ఇవతల ఇంగ్లీషు, అవతల ఫ్రెంచి. ఇవతల బండి ఎడమ పక్కన నడపాలి, అవతల కుడి పక్కన. ఆ అమ్మాయి చేతిలో పాస్‌పోర్టు లేదు. సెరెంజె మీదుగా చుట్టు తిరిగి, వందల కిలోమీటర్లు అదనంగా వెళ్ళింది. చేరేసరికి మట్టి చేసేశారు. ఆఫ్రికా దేశాలు 1964లో కైరోలో కూర్చుని ఉన్న హద్దుల్ని ఉన్నట్టే ఉంచుకుందామని తీర్మానించుకున్నాయి. విప్పితే యుద్ధాలు వస్తాయన్న భయం అది, నిజమైన భయమే. అయినా ఆ రోజు ఫోనులో ఏడుస్తున్న ఆ పిల్లకు నేను ఏం చెప్పగలను?

తప్పంతా పాత దొరలదేనా అంటే, కాదు. జాంబియా మిత్రులే ఆ మాట ఒప్పుకోరు. 1972 నుంచి 1991 దాకా ఒకే పార్టీ పాలన సాగింది. గనులను జాతీయం చేసి, రాగి ధర ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్నట్టు ఖర్చుపెట్టారు. 1970ల నడుమ ధర కూలిపోయాక అప్పుల్లో పడ్డారు. ఆ అప్పులు తీరి ఊపిరి పీల్చుకున్నాక మళ్ళీ అప్పులు చేసి, 2020 నవంబరులో వాయిదా కట్టలేక చేతులెత్తేశారు. 2015లో వానలు తగ్గి కరీబా నీటిమట్టం పడిపోయినప్పుడు మాకు రోజుకు ఎనిమిది గంటలకు పైగా కరెంటు పోయేది. దేశం కరెంటంతా దాదాపు నీళ్ళ మీదే ఆధారపడేలా ఉంచుకోవడం సొంత పొరపాటే.

ఆ పొరపాట్లను తూచేటప్పుడు మొదలైన చోటు కూడా చూడాలి. స్వాతంత్ర్యం నాటికి దేశం మొత్తంలో పట్టభద్రులైన ఆఫ్రికన్లు సుమారు వంద మంది. విశ్వవిద్యాలయమే లేదు. 1966లో దాన్ని తెరవడానికి జనం చందాలు వేసుకున్నారు; డబ్బు లేని పల్లెవాళ్ళు మొక్కజొన్న, కోళ్ళు ఇచ్చారు. మా మేనేజరు తండ్రి అలా కోడిని ఇచ్చిన వాళ్ళలో ఒకడు. ఆయన కొడుకు అదే విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివాడు. 70కి పైగా తెగలున్న దేశం. చుట్టూ అంగోలాలో, కాంగోలో, మొజాంబిక్‌లో దశాబ్దాల పాటు యుద్ధాలు జరిగినా తను అంతర్యుద్ధంలో పడలేదు. 1991, 2011, 2021 ఎన్నికల్లో ఓడిన అధ్యక్షులు కుర్చీ దిగి ఇంటికి వెళ్ళారు. ఎవరైనా ‘ఆఫ్రికా’ అని ఒక్క మాటలో తీసిపారేస్తే నాకు ఈ మేనేజరు ముఖం గుర్తొస్తుంది.

కజుంగులాలో వంతెన 2021 మే నెలలో తెరిచారు. పొడవు 923 మీటర్లు. అప్పటికి నేను కాకినాడ వచ్చేసి రెండేళ్ళయింది. జింబాబ్వే నేలకు తగలకుండా ఆ ఇరుకు సందులోంచి వెళ్ళడం కోసం దాన్ని తిన్నగా కాకుండా వంపు తిప్పి కట్టారు. తెరిచిన కొన్నాళ్ళకు ఆ టొంగా డ్రైవరు ఫోనుకు వీడియో పంపాడు. లారీ అద్దంలోంచి తీసింది. రోడ్డు మెల్లగా ఒక పక్కకు వంగి, మళ్ళీ సర్దుకుని, జాంబియా ఒడ్డున దిగుతుంది. మొత్తం నిమిషంన్నర. చివర్లో అతని గొంతు వినబడుతుంది, పక్కన ఎవరికో టొంగాలో ఏదో చెబుతూ నవ్వుతున్నాడు.